మరక్క రాజీ మీటింగు

మరక్కకు ఎవరి మీదా మంచి అభిప్రాయం లేదు. పిండి ఆడించుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది గింజలు బాగుచెయ్యకుండా డబ్బాలో పోసుకొచ్చే బద్ధకస్తులనీ, మిగతా సగం మంది ఇలా డబ్బా దించి అలా "అయిందా?" అని అడిగే తొందరగాళ్లనీ ఆమె నమ్మకం. ఆ బజారులో ఆమె మెచ్చుకునే ప్రాణి ఒక్కటే ఉంది, అది ఆమె మర. దాని మీద ఈగ వాలనివ్వదు. పిండిమర నడిపే అక్క కాబట్టి అందరూ మరక్క అనేవారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే పలికేది కాదు.

ఆమె పక్కకొట్టు సొంత తమ్ముడిది. నాన్న పోయాక ఒక్క కొట్టును రెండు చేసి మధ్యలో గోడ లేపారు. అదీ ఒంటి ఇటుక గోడ. అక్కాతమ్ముళ్ల మధ్య అంతకన్నా మందం దేనికి అనుకున్న అమాయకపు రోజులవి. అటు భాగంలో తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. కంటికి అద్దం బిగించుకుని, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ, చీమ కాలంత స్క్రూలను పట్టుకారుతో ఎత్తే మనిషి. అతను మాట్లాడితే ఎదుటివాడు ముందుకు వంగి వినాలి. ఇటు మర మొదలైందంటే అటు బల్ల మీద స్క్రూలు చిందులేసేవి. గోడ సందుల్లోంచి పిండి దుమ్ము వెళ్లి, విప్పిపెట్టిన గడియారాల్లో ముచ్చటగా స్థిరపడేది. ఓపిక చచ్చినప్పుడల్లా అతను చెక్కసుత్తితో గోడ బాదేవాడు. బాదినప్పుడల్లా మరక్క ఇంకో డబ్బా గింజలు ఎత్తి పోసేది. ఏళ్ల తరబడి ఆ తోబుట్టువుల మధ్య నడిచిన సంభాషణ అంతే.

అయితే మరక్క కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది. ఆమెకు చెవులు దాదాపుగా పోయాయి. మర దగ్గర ఎవరికీ ఏమీ వినబడదు కాబట్టి ఈమెకు అసలే వినబడటం లేదని ఎవరూ పసిగట్టలేదు. వచ్చినవాళ్లు ఎలాగూ అరుస్తారు, అరిచినా లాభంలేక చేత్తో మెత్తగానా బరకగానా చూపిస్తారు. ఆమె తల ఊపుతుంది, పనైపోతుంది. మర రాళ్ల మధ్య గింజ సరిగ్గా పడుతోందో, రాళ్లు ఖాళీగా ఒరుసుకుంటున్నాయో తెలుసుకోవడానికి మాత్రం చెవి కావాలి. చెవి లేదు కాబట్టి ఆమె అరచెయ్యి వాడేది. మర పక్కనున్న ఆ ఒంటి ఇటుక గోడకు చెయ్యి ఆనించి నిలబడితే, వచ్చే అదురును బట్టి రాళ్ల పరిస్థితి తెలిసిపోయేది. చూసేవాళ్లు పాపం అలిసిపోయి గోడకు ఆనుకుందనుకునేవారు. తిరిగే బెల్టు పక్కన చెవిటి మనిషి పనిచేస్తోందని బయటపడితే మరకు తాళం పడుతుంది. ఆ తాళానికి భయపడినట్టు ఆమె చావుకు కూడా భయపడలేదు.

చివరికి తమ్ముడు వెళ్లి నగర ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. మరను ఊరి బయటికి పంపాలి, లేదా దుమ్మూ అదురూ ఆపాలి అని. ఆఫీసువాళ్లు ఫిర్యాదు చదివి, తమ నెత్తి మీది బరువు దించుకోవడానికి దాన్ని రాజీ విభాగానికి తోశారు. ఇద్దరూ వచ్చి ఎదురెదురుగా కూర్చోండి, కుదరకపోతే మేమే వచ్చి మర మూయించడం గురించి ఆలోచిస్తాం అన్నారు. వాడి మొహం చూడనంది మరక్క. ఆవిడ గొంతు భరించలేనన్నాడు తమ్ముడు. అలా అయితే వీడియో మీటింగు పెడదామన్నారు. వీడియోలో మొహం ఇంకా పెద్దదై కనిపిస్తుందనీ, గొంతు నేరుగా చెవిలోనే మోగుతుందనీ ఆ ఇద్దరు మేధావులకూ తట్టలేదు.

నిశ్శబ్దంగా ఉండే చోట ఒంటరిగా కూర్చోమని ఆఫీసు నుంచి సూచన వచ్చింది. మరక్క బాగా ఆలోచించింది. ఇంటి దగ్గర పైవాటా పిల్లల గోల. మర ఆపేసి షట్టరు దించితే కొట్టంత ప్రశాంతమైన చోటు ఇంకెక్కడుంది? పనిరోజున మర ఆపడం ఆమెకు ప్రాణసంకటమే, అయినా ఆపింది. ఫోనును గింజల డబ్బాకు ఆనించి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో కుక్కుకుని, శబ్దం చివరిదాకా పెంచింది. అలా అయితే ఆమెకు మాటలు బాగానే అందుతాయి.

తెర మీద మధ్యవర్తి ప్రత్యక్షమైంది. ఆమె వెనకాల నీలంగా సముద్రం బొమ్మ, మొహం మీద ఆఫీసువాళ్లు ఇచ్చినట్టున్న చిరునవ్వు. పక్క గడిలో తమ్ముడు. వీడూ తక్కువ తినలేదు, వెనకాల కొండా జలపాతం బొమ్మ పెట్టుకున్నాడు. తల కాస్త కదిపితే చాలు, కొండ వచ్చి వాడి చెవిని మింగేస్తోంది.

"ఇక్కడ ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరండి," అంది మధ్యవర్తి తియ్యగా.

"మరెందుకొచ్చాం?" అంది మరక్క.

మధ్యవర్తి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మొహం చిట్లించింది. "మేడమ్, మీ మాట రెండుసార్లు వస్తోంది. ఎవరిదో నెట్‌వర్కు బాగాలేనట్టుంది."

"నాది బానే ఉంది. వాడిదే అయ్యుంటుంది. వాడిది ఏది బాగుంది గనక?"

తమ్ముడు నోరు తెరిచి, ఏదో చెప్పబోయి మానేశాడు. వాడెప్పుడూ అంతే, ఫిర్యాదు రాసేటప్పుడు తప్ప మాటలు రావు అనుకుంది మరక్క.

మధ్యవర్తి ఇద్దరి గోడూ విన్నది. ప్రతి మాటకూ "మీ బాధ అర్థమైంది" అని ముద్ర వేసింది. తిట్టినా అర్థమైందే, తుమ్మినా అర్థమైందే. కాసేపటికి ఒక ఉపాయం బయటపెట్టింది. మర కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేస్తే అదురు పోతుంది. గోడకు ఇటువైపు మందంగా తొడుగు బిగిస్తే దుమ్ము ఆగుతుంది. మర ఉన్నచోటే ఉంటుంది. తమ్ముడు వెంటనే సరేనన్నాడు, ఆ పనంతా తనే దగ్గరుండి చేయిస్తానని కూడా అన్నాడు. ఇంత చక్కటి ఉపాయానికి ఎవరైనా ఎగిరి గంతెయ్యాలి.

"వద్దు," అంది మరక్క.

"ఎందుకండీ?"

"నాకిష్టం లేదు."

"కారణం చెబితే..."

"ఇష్టం లేదన్నాక కారణం దేనికి?"

మధ్యవర్తి చిరునవ్వు కొంచెం జారింది. ఫిర్యాదుదారు అన్నిటికీ ఒప్పుకున్నాడనీ, ఎదుటి పక్షం కారణం లేకుండా మొండికేసిందనీ ఆఫీసుకు రాయాల్సి వస్తుందని మెల్లగా హెచ్చరించింది. అది రాస్తే ఏమవుతుందో మరక్కకు తెలుసు. అలాగని ఒప్పుకోనూ లేదు. అదురు పోతే గోడ మూగదైపోతుంది. గోడ మూగదైతే ఆమెకు మర లేనట్టే.

"సరే, నేను మీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను. ముందు మీతో," అంటూ మధ్యవర్తి ఏదో నొక్కింది. తమ్ముడూ, కొండా, జలపాతం అన్నీ మాయమయ్యాయి. "ఇది మనిద్దరి గది. ఇక్కడ అనే మాట మీకూ నాకూ తప్ప మూడో మనిషి చెవిన పడదు. మీ మనసులో ఏముందో చెప్పండి."

గదట గది. అయినా సముద్రం ముందు కూర్చున్న ఆ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేస్తే పోయేదేముంది అనిపించింది మరక్కకు. చెప్పేసింది. రహస్యం కాబట్టి గొంతు తగ్గించాననే అనుకుంది. జీవితమంతా మర హోరు మీదుగా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించడమంటే ఎంత తగ్గుతుంది!

"నాకు వినబడదమ్మా. చెవులు పోయాయి. ఆ గోడ మీద చెయ్యి పెట్టి మర నడుపుతున్నా. రబ్బరు వేస్తే ఆ అదురు కాస్తా పోతుంది. నేనింక మర ముట్టుకోలేను."

"అయ్యో. ఇది మీ తమ్ముడికి చెబితే..."

"చెబితే వాడు జాలిపడతాడు. బళ్లో వాణ్ణి ఎవడైనా కొడితే వెళ్లి ఆ కొట్టినవాడి చొక్కా పట్టుకున్నదాన్ని నేను. ఇప్పుడు నేను వాడి జాలితో బతకాలా? మర పోయినా పోనీ కానీ వాడికి మాత్రం తెలియకూడదు."

మర పోయినా పోనీ అనడం ఒట్టి కోతలే. అది లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో కూడా ఆమెకు తెలియదు.

తర్వాత తమ్ముడి వంతు. మరక్క ఖాళీ తెర ముందు పమిట కొంగుతో డబ్బా మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది. అనుకున్నదానికన్నా త్వరగానే ముగ్గుర్నీ మళ్లీ ఒకచోట చేర్చారు. మధ్యవర్తి మొహం వెలిగిపోతోంది.

"మీ తమ్ముడుగారు ఏదో చెప్పాలనుకుంటున్నారు."

తమ్ముడు ఫోను దగ్గరికి వంగాడు. నోరు ఇంత పెద్దగా తెరిచాడు.

"అక్కా! రబ్బరు! వద్దు! గోడ! ఇలాగే! ఉండనీ!"

మధ్యవర్తి ఉలిక్కిపడి వెనక్కి వాలింది. పుట్టినప్పటి నుంచి గుసగుసలాడిన మనిషి ఒక్కో మాటనూ విడదీసి, పెదాలు సాగదీసి, గావుకేక పెట్టాడు. "నా బల్ల! అవతలి గోడకు! జరుపుకుంటా! మీద గాజు మూత! వేసుకుంటా!"

చెవిటివాళ్లతో మాత్రమే మనుషులు అలా మాట్లాడతారు. అంటే వీడికి తెలిసిపోయింది. అతను అలా ఊగి ఊగి అరుస్తుంటే వెనకాల కొండ చిరిగింది, జలపాతం చెదిరింది. వాటి వెనక గోడ నిండా గడియారాలు కనిపించాయి.

"ఒరేయ్! ఎక్కడున్నావురా నువ్వు?"

"కొట్లో."

"ఇంట్లో తగలడక కొట్లో నీకేం పని?"

"ఇవాళ మర ఆపావుగా. ఒక్కరోజైనా ప్రశాంతంగా ఉంటుందని వచ్చా."

"అయితే మొత్తం విన్నావన్నమాట."

"నీ గొంతుకు ఈ గోడ ఒక అడ్డమా అక్కా?" అన్నాడు. ఆమెకు అందిందో లేదో అనుకుని మళ్లీ లంకించుకున్నాడు. "ఎవరికీ! చెప్పను!"

ఎవరికీ చెప్పనన్న ఆ మాట బజారు చివరిదాకా వినబడి ఉంటుంది. మరక్కకు సిగ్గుతో మొహం మండిపోయింది. ఈ గాడిదకు తెలియకూడదనే కదా ఇన్నాళ్లూ నానా తంటాలు పడింది. ఛీ, నీ దయ నాకక్కర్లేదు పో అనాలని నోటిదాకా వచ్చింది. కానీ మర తన వైపు చూడమన్నట్టు ఎదురుగా నిలబడి ఉంది.

"సరే. నువ్వంతగా బతిమాలుతున్నావు కాబట్టి ఒప్పుకుంటున్నా," అంది.

మాట గోడ దాటిన సంగతి ముక్క కూడా అర్థంకాని మధ్యవర్తి, ఏకాంతంగా మాట్లాడితే మనసులు ఎలా కరుగుతాయో చూశారా అని సముద్రం ముందు కూర్చుని మురిసిపోయింది. ఇరుపక్షాలూ పరస్పర అవగాహనకు వచ్చాయని రాసుకుని, చెయ్యి ఊపి మాయమైంది. ఆ అవగాహన ఒంటి ఇటుక పుణ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మర మొదలైంది. రద్దీగా ఉంది. డబ్బా తనది ముందంటే తనది ముందని ఇద్దరు కొట్టుకుంటుంటే వాళ్లకు గడ్డి పెట్టడానికి మరక్క గోడ మీది నుంచి చెయ్యి తీసింది. వాళ్ల నోళ్లు మూయించి వచ్చి మళ్లీ చెయ్యి ఆనించేసరికి గోడ దడదడా అదిరింది. చెక్కసుత్తి. ఒక్కరోజు! నిండా ఒక్కరోజైనా ఆగలేదు వీడి మంచితనం! మరక్క పళ్లు కొరుక్కుంటూ, అలవాటు చొప్పున ఇంకో డబ్బా ఎత్తి మర మీది తొట్టిలో పొయ్యబోయింది. తొట్టి ఖాళీగా ఉంది. ఒక్క గింజ లేదు. ఇంకాస్త ఆగితే రాళ్లు ఒకదాన్నొకటి నమిలేసేవి.

డబ్బా వంచేసి, గోడ వైపు తిరిగి అరిచింది. "నాకు తెలుసులేరా! ఇక్కడ నిద్రపోతున్నాననుకున్నావా? నీ బల్ల దగ్గర నీ పని నువ్వు..."

మాట అక్కడే ఆగిపోయింది. బల్లను వాడు పొద్దున్నే అవతలి గోడ దగ్గరికి జరుపుకున్నాడు కదా. ఈ గోడ బాదాలంటే వాడు చేతిలో పని వదిలి, కంటద్దం తీసి, కొట్టంతా దాటి రావాలి.

"ఏంటి మరక్కా, మళ్లీ గొడవా?" అని డబ్బాలవాళ్లలో ఒకడు సైగ చేశాడు.

"వాడికింకేం పని, వెధవకి," అంది మరక్క. ఆ తర్వాత చాలాసేపు గోడ మీది నుంచి చెయ్యి తియ్యలేదు.