చెయ్యి జారిందన్న బంతి

కోలిన్ ట్రెవార్తా బౌలింగ్‌కి నేను ఆరేళ్లు వికెట్ కీపింగ్ చేశాను. నా ఎడమచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా అనే చిన్న ఊళ్లో మాది మాంసం కొట్టు. కోలిన్ పక్కనే ఉన్న వాలరూ రేవులో గోధుమ బస్తాలు మోసేవాడు. వాడికి పందొమ్మిదేళ్లు నిండేసరికే, మాతో ఆట ఉందంటే ఎదుటి జట్టు ఓపెనర్లకు జ్వరాలొచ్చేవి.

1966 ఫిబ్రవరిలో ఒక శనివారం పక్క ఊరు కడైనా జట్టుతో మ్యాచ్. హెడ్లీ పెన్‌రోజ్ అనే బడిపంతులు బ్యాటింగ్‌కి వచ్చాడు. హెల్మెట్లు లేని రోజులవి. కోలిన్ బంతులు రెండింటిని వరసగా బౌండరీ దాటించి, "బస్తాలు మోసి చెయ్యి అలిసిపోయిందా ఏంటి?" అని నవ్వాడు. మావాళ్లూ నవ్వారు.

మూడో బంతి పిచ్ మధ్యలో పడి లేచింది. చప్పుడు వినిపించాకే అది ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది. పెన్‌రోజ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. లేచి, కణత రుద్దుకుని, ఇంకో పదకొండు పరుగులు చేశాడు. టీ వేళ మాంసం కూరిన పేస్టీ తిన్నాడు. వెళ్లేటప్పుడు కోలిన్‌తో కరచాలనం చేశాడు. మర్నాడు పొద్దున్న భార్య ఎనిడ్ టీ తెచ్చి లేపితే లేవలేదు.

అంత్యక్రియలయ్యాక ఆవిడే కోలిన్ దగ్గరికి వచ్చింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. తలకే గురిపెట్టావా?"

"లేదండీ. చెయ్యి జారింది."

ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో, నా వ్యాన్‌లో, కోలిన్ నోరు విప్పాడు. "జారలేదురా రస్. తలకే వేశాను. ఆ చప్పుడు వినగానే, ఆయన కూలబడేలోపల, నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే. కానీ వేసింది."

బండి నడుపుతూ కూర్చున్నాను.

ఆ వారంలోనే అడిలైడ్ నుంచి రాష్ట్ర జట్టు సెలక్టర్ల ఉత్తరం వచ్చింది. వెళ్లడనుకున్నాను. వెళ్లాడు. అక్కడ వేగం ఇంకా పెరిగింది.

"మెల్లిగా వేద్దామనే పరుగు మొదలెడతాను," అన్నాడు ఓసారి ఊరొచ్చినప్పుడు. "క్రీజు చేరేసరికి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటాను."

రెండో సీజన్‌లో ఓ అలవాటు చేసుకున్నాడు. తల ఎత్తుకి లేచే షార్ట్ బంతి వేసేముందు బ్యాట్స్‌మన్ దగ్గరికంటా నడిచి, లోగొంతుకతో "తల చూసుకో" అనేవాడు. కాపాడదామనే. కానీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, నిద్రలేని కళ్లతో ఎదురుగా నిలబడి ఆ మాటంటే ఎవడికి జాగ్రత్త చెప్పినట్టుంటుంది? వికెట్లు రాలేవి. పత్రికలు కర్కోటకుడని రాశాయి. జనం బీరు గ్లాసులెత్తి "తల చూసుకో! తల చూసుకో!" అని కేకలేసేవాళ్లు.

"బెదిరింపు కాదని చెప్పరా," అన్నాను.

"చెబితే, ఎందుకంటున్నానో కూడా చెప్పాలిగా."

మూడో సీజన్‌లో ఆట చూడ్డానికి అడిలైడ్ వెళ్లాను. సాయంత్రం కోలిన్‌తో కలిసి బయటికొస్తుంటే గేటు దగ్గర ఎనిడ్ పెన్‌రోజ్ నిలబడి ఉంది, 'తల చూసుకో' వార్త ఉన్న పేపరు మడిచి పట్టుకుని.

"చెయ్యి జారిందన్నావు," అంది.

కోలిన్ సంచి కింద పెట్టాడు. "అబద్ధం చెప్పాను మిసెస్ పెన్‌రోజ్. తలకే వేశాను." సంతోషం సంగతీ చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా.

ఆవిడ పేపరు ఇంకా చిన్నగా మడిచింది. "ఆ రోజే చెప్పుంటే నిన్ను తిట్టి, ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇన్నాళ్లూ నా మొగుణ్ణే తిట్టుకున్నాను, చెయ్యి జారిన బంతిని కూడా తప్పించుకోలేకపోయాడేమిటని."

బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు కోలిన్ ఒక్క షార్ట్ బంతీ వేయలేదు. కెప్టెన్ ఎంత అరిచినా వినలేదు. రెండు మ్యాచ్‌ల తర్వాత జట్టులోంచి తీసేశారు. మరుసటి ఏడు మళ్లీ పిలిచారు. ఇంకో నాలుగేళ్లు బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గరే బంతి వేస్తూ ఆడాడు. వేగం మాత్రం తగ్గలేదు. అది తన చేతిలో లేదనేవాడు.