నీడలో చేసిన ఎండబండి

నన్ను డ్రైవరుగా పెట్టింది నా ధైర్యం చూసి కాదు, నా బరువు చూసి. ఆ మాట నాతో ప్రాజెక్టు చేసే ఇద్దరూ నా మొహం మీదే చెప్పారు. ఎండతో నడిచే బండి మీద ఎంత తక్కువ బరువుంటే అంత మేలు, మా ముగ్గురిలో బక్కదాన్ని నేనే, కాబట్టి సీటు నాది. స్కూటీ మీద మేడ్చల్ హైవే దాటాలన్నా నాకు గుండె దడ. వెనక లారీ హారన్ కొడితే బండి పక్కకు తీసి, దిగి నిలబడే మనిషిని. ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. చెప్తే చదువయ్యేదాకా ఏడిపించుకు తింటారు.

దుండిగల్ వైపు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో మాది మూడో సంవత్సరం. ప్రాజెక్టు కింద ఒక్క మనిషి కూర్చునే సోలార్ కారు నమూనా చేస్తామని గొప్పగా ఒప్పుకున్నాం. వెల్డింగ్ పని చూసినవాడిది రావల్కోల్. ఇంట్లో ట్రాక్టరు ట్రాలీలు విప్పుతూ బిగిస్తూ పెరిగినవాడు, దేనికీ జంకడు. వైరింగ్ చేసినవాడు నాగారం నుంచి బస్సులు మారి వచ్చేవాడు, వచ్చేసరికే సగం నీరసం. నోరు తెరిస్తే వోల్టుల మాటే. నా పని కొలతలు తీయడం, బొమ్మలు గీయడం, వీళ్లిద్దరూ కొట్టుకోకుండా చూడడం. మూడోది అన్నిటికన్నా కష్టం.

బండి అంటే పెద్దగా ఊహించుకోకండి. మూడు చక్రాలు, ఇనుప పైపుల చట్రం, సీటు వెనక బ్యాటరీ, నెత్తి మీద రెండు ప్యానెళ్లు. కూర్చుంటే ప్యానెళ్లు నా తలకు జానెడు పైన ఉండేవి. లోపలికి దూరాలంటే ఒకరు పట్టుకోవాలి, బయటికి రావాలన్నా ఒకరు లాగాలి. బెల్టు బిగించాక నేను మూటగట్టిన సామానే.

కుడిచేతి పక్కన ఒక ఎర్ర బటన్ ఉండేది. ఏం జరిగినా అది గుద్దితే చాలు, బండి చచ్చినట్టు ఆగుతుందని వైరింగ్ చేసినవాడి హామీ. ఆ బండి మొత్తంలో నాకు నచ్చిన వస్తువు అదొక్కటే. షెడ్డులో చక్రాలు పైకి లేపి పెట్టి, మోటరు తిప్పి, ఎన్నిసార్లు గుద్ది చూశానో నాకే తెలియదు. ప్రతిసారీ టక్కున ఆగేది.

"ఇగ సాలు తల్లీ, అరిగిపోతది," అనేవాడు వాడు.

మండు వేసవి. రేకుల షెడ్డు దాటి అడుగు బయట పెడితే మాడు పగిలేది. అందుకని పనంతా షెడ్డులోనే, ఫ్యాను కిందే. ప్యానెళ్లు ఎండలో పెట్టి వైర్లు ముట్టుకుంటే షాకు కొడుతుందని వైరింగ్ కూడా లోపలే. ఎండతో నడిచే బండిని మేం మొదటి నుంచి చివరి దాకా నీడలో చేశాం. అందులో తేడా ఏమైనా ఉండొచ్చని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

నడిపి చూడడానికి ఖాళీ రోడ్డు కావాలి. శామీర్‌పేట దగ్గర మా పెద్దనాయిన వెంచర్ ఉంది. పెద్ద కమాను, తెల్లటి సిమెంటు రోడ్లు, ప్లాట్ల మధ్య వరసగా హద్దురాళ్లు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. నాయిన తన అన్నను అడిగి ఒప్పించాడు. మేడ్చల్ అవతల మిగిలిన కాస్త భూమిలో ఇంకా కూరగాయలు పండించే మనిషి నాయిన. సోలార్ అంటే ఆయనకు పొలంలో పందులు రాకుండా కట్టిన కంచె తీగ తప్ప ఇంకేం తెలియదు.

"నువ్వే నడుపుతవా బిడ్డా?" అని అడిగాడు.

"ఆ, నేనే."

"మంచిగ జూసి నడుపు. పగటీలి బువ్వ నేను పట్టుకొస్త," అన్నాడు.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, దుమ్ము పడకుండా పైన ఫ్లెక్సీ కప్పి తెచ్చాం. ఎవరో లీడరు పుట్టినరోజుది, వెల్డింగ్ చేసినవాడు ఊళ్లో స్తంభం మీంచి విప్పుకొచ్చాడు. వెంచర్‌కు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటే నేను లోలోపల ఎర్ర బటన్‌కు పెట్టుకున్నాను.

ఆ రోడ్డు కమాను దగ్గర మొదలై తిన్నగా పోతుంది. సగంలో ఒక అడ్డరోడ్డు, అక్కడ మెల్లగా తిప్పుకొని వెనక్కి రావాలి. తిప్పకుండా ముందుకే పోతే, చివర నీళ్ల ట్యాంకు కోసం తవ్విన గుంత. అందులో పిల్లర్ల కోసం కట్టిన ఇనుప చువ్వలు మొనలు పైకి పెట్టి నిలబడి ఉన్నాయి. రాగానే దాని అంచున నిలబడి చూసినప్పుడే నా అరికాళ్లు చల్లబడ్డాయి. "అక్కడిదాంక ఎందుకు పోతం?" అని వెల్డింగ్ చేసినవాడు నవ్వాడు.

నేను బయలుదేరాను. వాళ్లిద్దరూ పక్కనే, వెల్డింగ్ చేసినవాడి బైకు మీద. బైకు సీటు నిప్పులా కాలుతోందని వెనక కూర్చున్న వైరింగ్‌వాడు ఫ్లెక్సీని మడిచి కింద వేసుకున్నాడు. మొదట్లో బండి ఎంత బాగా పోయిందో! చప్పుడు లేదు, పొగ లేదు, రాళ్లు వెనక్కి జారిపోతున్నాయి. కాసేపు నేను భయం సంగతే మరిచాను.

అడ్డరోడ్డు కనిపించగానే ఎక్సలేటర్ పిడి వదిలాను. వేగం తగ్గలేదు. పిడిని వెనక్కి తిప్పబోతే అది తిరగలేదు. లోపలి స్ప్రింగును మేం వేడి జిగురుతో అతికించాం. షెడ్డులో రాయిలా ఉన్న ఆ జిగురు ఎండకు మెత్తబడి, పిడిని తిప్పిన చోటే పట్టేసుకుందని తర్వాత విప్పి చూస్తే తెలిసింది. అప్పుడైతే ఏదీ తెలియదు. ఆ వేగంలో అడ్డరోడ్డుకు తిప్పితే బండి బోల్తా కొట్టి రాళ్ల మీద పడుతుంది. చూస్తుండగానే అడ్డరోడ్డు వెనక్కి పోయింది.

"ఏందే, తిప్పకపోతివి? ఎక్సలేటర్ ఇడువు!" అని బైకు మీంచి అరుపు.

"ఇడిసిన! వస్తలేదు!"

"బటన్ గుద్దు!"

గుద్దాను. మోటరు గొంతు కాస్త మారింది, అంతే. మళ్లీ గుద్దాను. పిడికిలితో గుద్దాను. బండి పోతూనే ఉంది. భయమంటే చెమటలు పడతాయనుకునేదాన్ని, నాకు చలి వేసింది. ఆ ఎండలో పళ్లు టకటకలాడాయి. బ్రేకు మీద కాలు వేసి తొక్కుతున్నాను, రబ్బరు కాలిన వాసన వస్తోంది. వేగం కొంచెం తగ్గుతుంది, మోటరు మళ్లీ లాగుతుంది. ఎదురుగా రోడ్డు తెల్లగా, చివర మట్టికుప్ప, దాని అవతల చువ్వల మొనలు. అమ్మా, నేను చచ్చిపోతానని గట్టిగా పైకే అన్నాను. విన్నవాళ్లు లేరు.

అప్పుడు వైరింగ్‌వాడు "నీడ! నీడ!" అని అరవడం మొదలుపెట్టాడు.

వీడికి వడదెబ్బ తగిలిందనుకున్నాను. నేను చస్తుంటే వీడికి నీడ కావాలా అని ఒళ్లు మండింది కూడా.

"అరే, బండి మీద నీడ పట్టాలె! ప్యానెల్ నుంచి ఒస్తాంది కరెంటు!"

వాడికి అప్పుడు తట్టింది. ఎర్ర బటన్ తెంపేది బ్యాటరీని ఒక్కదాన్నే. ప్యానెళ్ల నుంచి మోటరుకు కరెంటు పోయే దారి వేరే ఉంది, బటన్ దాని మీద లేనే లేదు. షెడ్డులో ప్యానెళ్లకు ఎండ తగలదు కాబట్టి బ్యాటరీ తెగితే బండి ఆగేది. ఇక్కడ ఆగదు, సూర్యుణ్ణి బంద్ చేసే బటన్ మా దగ్గర లేదు.

బైకు నా పక్కకు వచ్చింది. వైరింగ్‌వాడు తన కిందనున్న ఫ్లెక్సీ లాగి, విప్పి, నా నెత్తి మీదికి విసిరాడు. ఒక్కసారిగా అంతా చీకటి. లీడరు మొహం నా ముందు తలకిందులుగా వేలాడింది. మోటరు మూలిగి సన్నబడింది. నేను కళ్లు మూసుకొని రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టాను. బండి నెమ్మదించింది, కానీ నిలవలేదు. గాలికి చిరగకుండా ఫ్లెక్సీలకు అక్కడక్కడా కోసి వదులుతారు చూడండి, ఆ సందుల్లోంచి ఎండ పడుతోంది. బండి పాక్కుంటూ పాక్కుంటూ మట్టికుప్ప ఎక్కుతోంది. వెల్డింగ్‌వాడు బైకు పడేసి ఉరికి వచ్చి ప్యానెళ్ల మీద బోర్లా పడుకున్నాడు. వాడి బరువుకు చట్రం కిర్రుమంది. బండి ఆగింది. ముందు చక్రం కింది నుంచి మట్టి జారి గుంతలో పడుతున్న చప్పుడు వినిపించింది.

వైరింగ్‌వాడు వైర్లు కోశాడు. ఫ్లెక్సీ తీయలేదు, అంచు మాత్రం ఎత్తి నా బెల్టు విప్పుతున్నాడు. ఆ సందులోంచే నాయిన కనిపించాడు. బువ్వ సంచి తగిలించిన ఆయన ఎక్సెల్ మోపెడు కమాను దగ్గర పడి ఉంది. ఆయన ఆ రోడ్డంతా ఉరికి వస్తున్నాడు, ఒక కాలికే చెప్పు. నోరు తెరిచి ఉంది, అరుపు లేదు. అలాంటి మొహం నేను మళ్లీ చూడలేదు, చూడొద్దు కూడా.

వచ్చి వాణ్ని పక్కకు నెట్టి, నన్ను జబ్బ పట్టుకొని బయటికి లాగాడు. నా తల, మెడ, చేతులు తడిమాడు. సిమెంటు రోడ్డు మీద కూలబడి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

మా హైవే మీద యాక్సిడెంటయి మనిషి పోతే, పోలీసులు వచ్చేలోగా పక్కన దొరికిన ఫ్లెక్సీయో దుప్పటో తెచ్చి కప్పుతారు. ఈ దారిలో తిరిగే ఎవరికైనా అది తెలుసు. ఆయన కమాను దాటుతూ చూసింది అది.

"బట్ట గప్పిన్రనుకున్న బిడ్డా," అన్నాడు. తర్వాత ఏడ్చాడు.

సాయంత్రం మావాళ్లు కారును ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, అలవాటు కొద్దీ ఫ్లెక్సీ పరచబోయారు. "దాని మీద ఏం గప్పకుండ్రి," అని నాయిన వాళ్లను ఆపాడు. నన్ను తన బండి వెనక ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా ఒక చేత్తో నడుపుతూ, రెండో చేయి వెనక్కి పెట్టి నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.

"రెండు చేతులతో నడుపు నాయినా, నాకు భయమైతాంది," అన్నాను.

ఆయన చేయి తీయలేదు.