హెడ్‌లైటు వెయ్యని కోటు

మంగళవారం పొద్దున్నే వేళ కాని వేళ చర్చి గంట మోగింది. మా పెయింటర్ మావయ్య నిద్రలోనే పోయాడని ఎవరో చెప్పారు. అప్పటికి నేను ఒక తోలు కోటుకు చిరిగిన లోపలి గుడ్డ కుడుతున్నాను. దాని వీపు మీద ఆయన ముందురోజు మొదలుపెట్టిన బైకు బొమ్మ ఉంది. చక్రాలు అయ్యాయి, ట్యాంకు కాలేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. అరకు సంత దారిలో ఆయనదీ నాదీ పక్కపక్క కొట్లు. ఒకప్పుడు బడులకూ చర్చిలకూ బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, సంతలో కుప్పలు పోసే పాత జీన్స్ కోట్లు, తోలు కోట్లు ఏరి తెచ్చేవాడు. చిరుగులు నేను కుట్టేదాన్ని, వీపు మీద పాతకాలపు మోటార్‌సైకిళ్ళు ఆయన వేసేవాడు. ఘాట్ రోడ్డెక్కి బైకుల మీద వచ్చేవాళ్ళు వాటిని ముచ్చటపడి తొడుక్కునేవారు.

ఒకసారి ఒకాయన ఫోనులో విదేశీ కారు చూపించి, దాని మీద ఉన్నటువంటి మంటలు కావాలన్నాడు.

"ఇది మంటేటి బాబూ, రిబ్బన్లు కోసి అంటించినట్టుంది," అన్నాడు మావయ్య. "పోడుకి కొండ తగలెట్టినప్పుడు సూడు. అడుగున నల్లగుంటాది, పైన గాలెటుంటే అటు తిరుగుతాది."

అలాగే వేసి ఇచ్చాడు. ఆ వచ్చినాయన అద్దం ముందు నుంచి కదల్లేదు.

ఆయనకో పట్టింపు ఉండేది. బండి అంతా వేసి హెడ్‌లైటు మాత్రం ఖాళీ గుండ్రంగా వదిలేసేవాడు. కోటు కొన్న మనిషి క్షేమంగా ఇల్లు చేరి, మళ్ళీ ఎప్పుడైనా కొండెక్కి వస్తేనే అందులో పసుపు రంగు చుక్క పెట్టేవాడు. మొదట్లో నాకిది తెలియదు. మా తమ్ముడి కోటు మీద చుక్క మరిచిపోయాడనుకుని, ఆయన టీకి వెళ్ళినప్పుడు నేనే పెట్టేశాను. ఆ వారమే తమ్ముడు అనంతగిరి మలుపులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేతులారా చేశానని ఏడ్చాను, రెండు రోజులు కొట్టు తియ్యలేదు. మూడో రోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"ఏటే గుంటా, నీ సుక్కకి అంత బలముందనుకుంటన్నావేటి? ఆడి బండికి బ్రేకు అరిగిపోనాది. పద, బేగి కొట్టు తియ్యి."

"మరి నువ్వు లైటెందుకొగ్గేస్తావు మావయ్యా?"

"మళ్ళీ ఒత్తారని," అన్నాడు. "బోర్డు రాసీసినాక ఎవుడూ నా మొకం సూడ్నేదు. లైటు మిగిలుంటే మనిసి ఒత్తాడు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిజంగానే వచ్చేవారు. "ఇంటికాడ అందరూ బాగున్నారా?" అని అడిగి, వాళ్ళు తీరుబడిగా చెప్పేదాకా ఆయన పసుపు రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా బల్ల మీద కూర్చోవలసిందే.

తనకోసం ఆయన బొమ్మ వేసుకున్న కోటు ఒక్కటే. దాని వీపు మీద వయసులో ఉండగా నడిపిన పాత బండి, ఖాళీ హెడ్‌లైటు. సమాధికి తీసుకెళ్ళే ముందు వాళ్ళ అక్క ఆ కోటూ పసుపు డబ్బా నా చేతికి ఇచ్చింది.

"పరలోకంలో తండ్రి దగ్గరకి ఎలిపోనాడు కదమ్మా, ఇల్లు చేరిపోనాడు. నువ్వే ఎట్టీ లైటు. తొడిగీసి పంపించీద్దాం."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. బ్రష్ ముంచాను. చెయ్యి కదల్లేదు. చుక్క పెడితే ఆయన ఇక రాడని నేనే ఒప్పుకున్నట్టు. నా వల్ల కాదన్నాను. ఆమె నా మొహం చూసి, కోటు నా దగ్గరే ఉంచమని చెప్పి, ఆయన మీద తెల్ల దుప్పటి కప్పింది.

ఆ మంగళవారం నేను కుడుతున్న తోలు కోటు చేయించుకున్న మనిషి వచ్చి, సగం బొమ్మతోనే తీసుకెళ్తానన్నాడు. ఇప్పుడు చుక్క కోసం వచ్చేవాళ్ళను నా బల్ల మీద కూర్చోబెట్టి, ఇంటికాడ అందరూ బాగున్నారా అని అడిగి, నేనే పెడుతున్నాను.

ఆయన కోటు మాత్రం నా మిషను ఎదురుగా మేకుకు వేలాడుతోంది. ఘాట్ వైపు నుంచి పాత బండి చప్పుడు వినిపిస్తే కుట్టు ఆపుతాను. ముందు రోడ్డు వైపు చూస్తాను, తరువాత ఆ ఖాళీ గుండ్రం వైపు.