కోదాడ డెస్క్‌టాప్ చెడగొట్టింది నేనే

కోదాడ బ్రాంచిలో రిపోర్టులు టైపు చేసే అక్కకు కంప్యూటర్ రాదని ఇప్పటికీ కొందరు అంటుంటారు. రానిది నాకు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, లేకపోతే మధ్యలో మళ్లీ తప్పించుకుంటాను.

మాది రక్తపరీక్షల ల్యాబ్. హెడ్డాఫీసు సూర్యాపేటలో, బ్రాంచీలు కోదాడలో, మిర్యాలగూడలో. కంప్యూటర్లు చూసేది నేనొక్కణ్ణే. టేబుళ్ల మీద ఉండేవి స్క్రీన్లే. అసలు డెస్క్‌టాపులన్నీ సూర్యాపేట సర్వర్‌లో, ఊరికో గుంపుగా ఉంటాయి. లాగిన్ అయినవాళ్లకు గుంపులో ఏది ఖాళీగా ఉంటే అది వస్తుంది. మునగాల ఢాబాలో కంచం లాంటిది: తిని లేస్తే కడిగి ఇంకొకరి ముందు పెడతారు.

వాటికి పేర్లు పెట్టే అధికారం దొరికేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. మిర్యాలగూడ వాటికి బియ్యం పేర్లు పెట్టాను. ‘నూకలు’ వచ్చినాయన లాగౌట్ అయి, ‘సన్నాలు’ వచ్చేదాకా మళ్లీ మళ్లీ లాగిన్ అయ్యేవాడు. నా సొంతదానికి ‘చీఫ్’ అని పెట్టుకున్నాను. నా కింద ఎవరూ లేరు.

కోదాడ అక్క ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పిన మనిషి. చూపు కొంచెం తగ్గింది. రోజూ పొద్దున అక్షరాలు పెద్దవి చేసుకుని, పరీక్షల పేర్లకు షార్ట్‌కట్లు పెట్టుకునేది. సాయంత్రం లాగౌట్ కాగానే, కడిగిన కంచంలా, అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి.

“తమ్ముడూ, నా అక్షరాలు ఎవరెత్తుకెళ్తున్నారు?” అని ఫోన్ చేసింది.

“ఎవ్వరూ ఎత్తుకపోతలేరక్కా. నువ్వే ఏదో నొక్కుతున్నవ్.”

“నేనేం నొక్కట్లేదు. పోనీ, ఒక కంప్యూటర్ నా పేరున రాసిచ్చెయ్యి.”

రాసివ్వొచ్చు. ఒకదాన్ని ఒకరికే కేటాయించే పద్ధతి ఉంది. నాదీ, ల్యాబ్ యజమాని డాక్టరుగారిదీ అలాంటివే. కానీ అందుకు కూర్చుని సెట్టింగులు చదవాలి. చదవలేదు. పేరు కనిపించే గడిలో ఆమె పేరు కొట్టి, “ఇగ అది నీదే అక్కా” అన్నాను.

తొందరలో నేను కొట్టిన గడి ఒక్కదానిది కాదు, గుంపు మొత్తానిది. మర్నాడు కోదాడలో ఐదు స్క్రీన్ల మీదా ఆమె పేరే. అక్షరాలు మాత్రం ఎప్పటిలా చిన్నవే.

“ఏం తమ్ముడూ, నా పేరు ప్రసాదంలా పంచిపెట్టావా?”

వెనక అందరూ నవ్వడం ఫోన్‌లో వినిపించింది. నేనూ నవ్వాను.

రోజూ అవన్నీ మళ్లీ పెట్టుకునేసరికి ఆమెకు పొద్దెక్కేది. కోదాడ రిపోర్టులు ఎందుకు ఆలస్యమవుతున్నాయని డాక్టరుగారు నన్ను అడిగారు. “సిస్టం మంచిగనే ఉంది సార్, ఆమెకే అలవాటు కాలే” అన్నాను. ఆ ఒక్క ముక్కతో ఆమెను కీబోర్డు ముందు నుంచి లేపి, శాంపిల్ సీసాలకు స్టిక్కర్లు అంటించే పనిలో వేశారు.

ఈ ఏడు నాకూ కళ్లద్దాలొచ్చాయి. ‘చీఫ్’లో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే పెద్దగానే ఉన్నాయి. వాటిని చదవబుద్ధి కాలేదు. వెళ్లి, అక్క తప్పేం లేదని డాక్టరుగారికి చెప్పేశాను.

“గప్పుడే చెప్తే ఏం పోయేదయ్యా?”

“పరువు సార్.”

“ఉండెనా?”

సెట్టింగులు చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమెకొక డెస్క్‌టాప్ కేటాయించి కోదాడ బస్సెక్కాను.

ఆమె నేను చెప్పిందంతా స్టిక్కర్లు అంటిస్తూనే విన్నది. “నాకెందుకు చెబుతావు? నేనేం నొక్కలేదని నాకు తెలీదా? వాళ్లకి చెప్పు.”

టైపు చేసేవాళ్ల ముందు నిలబడి చెప్పాను.

“గట్టిగా చెప్పు. బయట కూర్చున్నోళ్లు కూడా ఇన్నాళ్లూ నన్నే తిట్టుకున్నారు.”

హాల్లోకి వెళ్లి, రిపోర్టుల కోసం కూర్చున్నవాళ్లతో, “ఇక్కడ ఆలస్యమయింది అక్క వల్ల కాదు, నా వల్ల” అన్నాను. చేతికి దూది నొక్కుకుని, పరీక్ష చీటీ పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “అయితే నా రిపోర్ట్ ఎప్పుడొస్తది?” అన్నాడు.

నాకేం తెలుసు? అక్క చేతులు కడుక్కుని వచ్చి, కీబోర్డు ముందుకు తన పాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆ చీటీ ఇటివ్వు తాతా” అంది.