ముక్కు బాబాయి తీర్పు

మా బాబాయి ఏ వస్తువునైనా ముందు వాసన చూసి, ఆ తర్వాతే చేత్తో ముట్టుకుంటాడు. పాత రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచెయ్యడం ఆయన పని. మూత విప్పుతాడు, కళ్లు మూసుకుంటాడు, ముక్కు లోపలికంటా దూరుస్తాడు. "ఆఁ, రెసిస్టరు పోయింది" అంటాడు. ఒకసారి వేడి చల్లారని సెట్టులో ముక్కు పెట్టి, కొసన బొబ్బతో వారం తిరిగాడు. అయినా మానలేదు.

ఆ ముక్కు ఇచ్చే తీర్పులో దోషి అంటూ ఎవరూ ఉండరు. పక్కింటి దంపతులు ఒకసారి రేడియోతో పాటు తగువునీ మోసుకొచ్చారు.

"ఈయనే ఆ మీట అటూ ఇటూ తిప్పి తగలేశాడు."

"తడిగుడ్డతో తుడిచిందెవరో అడగండి."

బాబాయి వాసన చూశాడు. "పాత వాసనమ్మా ఇది. ఎవరి తప్పూ కాదు. దానికే వయసైపోయింది."

ఇద్దరూ రేడియో మీద జాలిపడుతూ జంటగా ఇంటికెళ్లారు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మకి ప్రాణాలు రెండు: ఒకటి ఒంట్లో, ఒకటి హాల్లో కిటికీ కింద ఉన్న టేప్ రికార్డరులో. దాని మీద దుమ్ము తుడవాలన్నా మేం అర్జీ పెట్టుకోవాలి. కొత్తకోడలు, అంటే మా తమ్ముడి భార్య, ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో కిటికీలోని పూలకుండీకి చెంబెడు నీళ్లు పోసింది. కుండీకి చిల్లుందనీ, ఆ చిల్లు కింద అత్తగారి రెండో ప్రాణముందనీ పాపం ఆ పిల్లకేం తెలుసు?

అమ్మ వచ్చి మీట నొక్కింది. పాట రాలేదు, పొగొచ్చింది.

"ఎవరు దీని జోలికెళ్లింది?"

కొత్తకోడలు ఖాళీ చెంబుని కొంగు చాటున దాచుకుంది. వచ్చీరాగానే అత్తగారి ప్రాణం తీసిన కోడలని పేరొస్తే, అది ముసలితనం దాకా వెంటాడే పేరు.

బాబాయి వచ్చి మూత విప్పాడు. నేను టార్చి పట్టుకున్నాను. లోపల ఒక రెసిస్టరు కాలిన అగ్గిపుల్ల తలలా ఉంది. దాని పక్కనుంచే బురదనీళ్ల చార, సాక్షి సంతకంలా.

"వదినా, కాస్త పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డమొస్తున్నారు" అన్నాడు బాబాయి. అమ్మ జరిగేలోగా కుంచెతో ఆ చార తుడిచేశాడు. తర్వాత తాపీగా కళ్లు మూసుకుని ముక్కు దూర్చాడు.

"ఎవరి పనయ్యా?"

"పాత వాసన వదినా. ఎన్నాళ్లనుంచో లోలోపల మగ్గి మగ్గి ఇవాళ కాలింది. ఎవరి తప్పూ కాదు."

కోడలి వైపు సగం దాకా తిరిగిన అమ్మ చూపు వెనక్కి మళ్లింది. కోడలు వంటింట్లోకి పారిపోయింది.

"రెసిస్టరు విలువ చెప్పే రంగు గీతలన్నీ మసైపోయాయి కదా బాబాయ్, అది ఎంతదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ఎడమ స్పీకరు వైపు ఉన్నదే కుడి స్పీకరు వైపూ ఉంటుందిరా. ఒకడి మొహం కాలితే కవలవాణ్ణి చూసి పోల్చుకోవాలి."

కుడివైపు దాని గీతలు చదివి, తన పాత పొడుం డబ్బాలోంచి అచ్చం అలాంటిదే ఏరి తీశాడు. అతుకు పెడుతుండగా వంటింట్లో పాలు మాడాయి. ఆ కంపుకి నాకు దగ్గొచ్చింది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది.

బాబాయి తలెత్తి అడిగాడు. "ఏంట్రా ఆ హడావిడి?"

నేను ఆయన్ని ఎగాదిగా చూశాను. "బాబాయ్, నీకు వాసన తెలీదా?"

"పొడుం పీల్చి పీల్చి ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందిరా."

"మరి ఇన్నాళ్లూ ఈ వాసన చూడ్డం?"

"కళ్లతో చూశానంటే ఎవరు చేశారో కూడా చెప్పమంటారు. ముక్కుకి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు" అన్నాడు మెల్లగా.

టేప్ రికార్డరు రెండు వైపులా గొంతు విప్పింది. ఆ పాటని మించి అమ్మ గొంతు లేచింది.

"పాలు మాడ్చిందెవరు?"

కొత్తకోడలు నల్లబడ్డ గిన్నె గుడ్డతో పట్టుకుని తిన్నగా వచ్చి బాబాయి ముందు పెట్టింది.

బాబాయి కళ్లు మూసుకుని గిన్నెలోకి ముక్కు దూర్చాడు.

"పాత గిన్నె వదినా. ఎవరి తప్పూ కాదు."