పదో ఇంటి చాయ్

ఆ రోజుల్లో లెక్కల్లో బి.ఏ. పాసైనవాడికి కొమ్ములు మొలిచేవి. నాకు మొలిచిన కొమ్ముల మీద ఆబిడ్స్‌లో కొన్న, దొరలు పెట్టుకునే సోలా టోపీ కూడా ఒకటి కూర్చుంది (ఎండకు కాదు, నలుగురూ చూడ్డానికి). నాంపల్లి స్టేషన్ వెనుక ఒక సర్కారు దఫ్తర్‌లో ఆరు నెలల గుమాస్తా పని నాది. ఆ ఏడు వానలు వెళ్లగానే చలిజ్వరాలు పట్టుకున్నాయి. జ్వరాలు ఎక్కువున్న గల్లీకి క్వినైన్ గోళీలు ముందు పంపాలి, ఇల్లిల్లూ తిరిగి చూసేందుకు మనుషులు లేరు. “పదిండ్లకు ఒక్క ఇల్లు చూస్తె సాలు సార్. అన్నం ఉడికిందా లేదా ఒక్క మెతుకు వట్టి చూస్తరు గదా” అని నేనే ముందుకు దూకాను. మేము చాటుగా చష్మా సాబ్ అని పిలుచుకునే మా సూపరింటెండెంటు అద్దాలు పైకి నెట్టి, “చెయ్యి. పక్కాగ చేస్తె నౌకరి పక్కా. లేకుంటె ఇంటికే” అన్నారు.

గల్లీ లోపలి కొస నుంచి ఇండ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి పదో తలుపు తట్టాను. టోపీ చూసి కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, జ్వరాలు లేవన్నారు. పక్క గల్లీలోనూ అదే కుర్చీ, అదే చాయ్, అదే మాట. పన్నెండు గల్లీలు, పన్నెండు చాయ్‌లు. ఆ సర్వేలో జబ్బుపడ్డది నేనొక్కడినే (కడుపు).

నేనుండేది పెద్దమ్మ వాళ్లింట్లో, అలాంటి గల్లీలోనే, నాలుగో ఇల్లు. “నాంపల్లిల జ్వరాలు లెవ్వు పెద్దమ్మా” అని గెలిచినవాడిలా చెప్పాను. పక్కనే పెదనాయన మూడు గొంగళ్ల కింద గడగడ వణుకుతున్నాడు.

“మరి గీయన ఎవరురా?”

“పెదనాయన లెక్కలకు రాడు.”

“ఎందుకొస్తడు? గల్లీకి తొమ్మిది కిరాయి ఇండ్లు, రోడ్డు మీది పదోది మాలిక్‌ది. మేడలు, దోమతెరలు ఆళ్లయే. నువ్వు కుండల చెయ్యి వెట్టకుండ మూత చూసొచ్చినవ్.”

నా కొమ్ములు అక్కడే రాలిపోయాయి. ఆ లెక్క కాగితం అలాగే ఇస్తే నౌకరీ నిలిచేది, మా గల్లీకి మాత్రం గోళీ వచ్చేది కాదు. మర్నాడు పది చింతగింజల మీద సున్నంతో అంకెలు వేసి, చెంబులో పోసుకుపోయి చష్మా సాబ్ ముందు నిజం ఒప్పుకున్నాను. గల్లీకి మూడు గింజలు తియ్యాలి, ఏ అంకె పడితే ఆ ఇంటికే వెళ్లాలి.

“దఫ్తర్‌ల జూదమాడుతవా?” అన్నారు చష్మా సాబ్.

“ఔ సార్. ఏ ఇల్లు పడ్తదో నాకు గూడ తెల్వొద్దు. గప్పుడే లెక్క నిజమైతది.”

ఆయన చెంబు తన ముందుకు లాక్కుని, మొదటి గింజ తానే తీశారు. ఈసారి తట్టిన తలుపుల వెనుక వణుకులు, మూలుగులు. మా గల్లీలో మాత్రం నాలుగు అంకె పడనే లేదు, పెదనాయన అప్పుడూ లెక్కలోకి రాలేదు. అయినా పడ్డ మూడిండ్లలోనూ జ్వరాలే, అందుకే వారం తిరక్కుండా క్వినైన్ బండి మా గల్లీకే ముందు వచ్చింది, వెనుక చష్మా సాబ్ నా పక్కా నౌకరీ కాగితంతో వచ్చారు. గల్లీ అంతా నన్ను ఊరేగించినంత పని చేసింది. నాకైతే ఏనుగెక్కినట్టే ఉంది. పెదనాయన గోళీ మింగి ముఖం చేదుగా పెట్టి, “నీ లెక్క కంటె గిదే నయంరా” అన్నాడు.

ఇప్పుడు రోడ్డు మీది ఆ పదో ఇల్లు నాదే. మొన్న ఒక అమ్మాయి జ్వరాల లెక్కకు వచ్చింది. తెలియకుండానే కుర్చీ వేసి చాయ్ తెప్పించాను. “లోపలి ఇండ్లు గూడ చూడు బిడ్డా” అన్నాను. “అవ్వే ముందు చూసొచ్చిన తాతా, మీది ఆఖరుది” అని, చాయ్ వద్దని నవ్వి వెళ్లిపోయింది. ఆమె తల మీద టోపీ లేదు. సోలా టోపీ పెట్టుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, ఆమె వద్దన్న చాయ్ వాడి పేరు మీద నేనే తాగాను.