పెద్దాయనను కింద పెట్టిన ఫ్లెక్సీ

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాడూ డిజైనరే గానీ, ఆ రోజుల్లో సూర్యాపేటలో కంప్యూటర్ మీద నాయకుడి మొహం తెల్లగా చేయగలిగినవాడికి ఉన్న మర్యాదే వేరు. మా ఫ్లెక్సీల షాపులో ఏసీ గది ఒక్కటే, అందులో కూర్చునేది నేనొక్కణ్ణే (ఏసీ పెట్టింది కంప్యూటర్ కోసం, నా కోసం కాదు, ఆ సంగతి మా ఊళ్లో చెప్పలేదు). మాది ఆత్మకూర్, గొర్లు కాసుకునే ఇల్లు. నన్ను మంద వెనక నుంచి తప్పించి కంప్యూటర్ కోర్సులో చేర్పించింది మా అక్క. వేములపల్లిలో అత్తగారింటి నుంచి పనిగట్టుకొని వచ్చి, వాకిట్లో చతికిలబడి, "తమ్మున్ని సదివిపిస్తనంటేనే లేస్త" అని పంతం పట్టింది. నాయన ఒప్పుకున్నాడు గానీ చివర్లో ఒక మాట వదిలాడు: "సరే, పోనియ్. నౌకరి ఊడినంక గొర్లు ఈడనే ఉంటయ్." అప్పటినుంచి ఏ నాయకుడి ఫొటో తెరిచినా నాకు దాని వెనక గొర్లే కనిపించేవి.

అలాంటి నా దగ్గరికి ఒకనాడు మా ఓనరన్న చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. మా వైపు పేరున్న రాజకీయ కుటుంబం ఒకటి. మూలపురుషుడు సర్పంచి తాత. ఆయన కొడుకు సమితి ప్రెసిడెంటు. ఆ ప్రెసిడెంటుకు ముగ్గురు కొడుకులు: పెద్దకొడుకు సూర్యాపేటలో, నడిపాయన కోదాడలో, చిన్నాయన మిర్యాలగూడలో. ముగ్గురివీ మూడు పార్టీలు, మూడు రంగుల కండువాలు. ఒకరింట్లో పెళ్లయితే మిగతావాళ్లు వచ్చి అక్షింతలు వేసి, అన్నం ముట్టకుండా వెళ్లిపోయేంత ప్రేమ. ముగ్గురూ జనానికి చెప్పుకునేది మాత్రం ఒకటే, సర్పంచి తాతకు అసలు వారసుణ్ణి నేనేనని. ఇప్పుడు తాత వర్ధంతికి కోదాడ ఫంక్షన్ హాల్లో ముగ్గురూ ఒకే స్టేజీ మీద కూర్చుంటున్నారు. వెనక గోడంత ఫ్లెక్సీ మీద వంశవృక్షం కావాలి.

"ముగ్గురి ఫొటోలు ఒక్కటే సైజు, ఒక్కటే ఎత్తు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మూడు ఊర్ల గిరాకి ఖతం. గిరాకి పోతే నువ్వు గూడ పోతవ్. సమజైందా?" అన్నాడు ఓనరన్న.

సమజైంది. వృక్షం అన్నారు గనుక నేను చెట్టే వేశాను. నెట్లో దొరికింది ఆపిల్ చెట్టు (మా జిల్లాలో ఆపిల్ చెట్టును చూసినవాడెవడు? పండ్లు గుండ్రంగా ఉన్నాయి, మొహాలు భేషుగ్గా పట్టాయి). అడుగున వేళ్ల దగ్గర సర్పంచి తాత, కొమ్మలు చీలేచోట ప్రెసిడెంటు, కొమ్మల మీద సరిసమానంగా ముగ్గురు కొడుకులు, ఆపైన పండ్లలో వాళ్ల పిల్లలు. మధ్యలో కాండం నున్నగా, ఖాళీగా మిగిలింది. ఓనరన్న వచ్చి స్కేలు పెట్టి ముగ్గురి ఎత్తూ కొలిచాడు, నా భుజం తట్టాడు, మిగతా చెట్టు వైపు కన్నెత్తి చూడలేదు.

ఫంక్షన్ రోజు ఫ్లెక్సీ విప్పి కట్టాక నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. కంప్యూటర్లో కనపడనిది గోడ మీద కనపడింది. సర్పంచి తాత మొహం స్టేజీ నేలకు ఆనుకొని ఉంది, ఆయన ముక్కు ముందు టెంటువాళ్లు విడిచిన చెప్పులున్నాయి. చిటారు కొమ్మన, వంశం మొత్తం నెత్తి మీద, ఇంటర్ ఇంకా గట్టెక్కని కోదాడాయన కొడుకు చెయ్యి ఊపుతున్నాడు. చెప్పులు తీసేలోపే కార్లు వచ్చేశాయి.

"ఏందిది?" అన్నాడు మిర్యాలగూడాయన. "మా తాత కాళ్లకాడ, గా పోరడు నెత్తి మీదనా? ఎవడు చేసిండు?"

"ఇంకెవరు? రేపు టికెట్ నా కొడుక్కే అని గిట్ల ఫ్లెక్సీల చెప్పుకుంటున్రు," అన్నాడు సూర్యాపేటాయన, తమ్ముడి వైపు చూడకుండా.

కోదాడాయన మాటకు అప్పటికే ఆంధ్రా గాలి తగిలి ఉంది. "ఏంటన్నా ఆ మాట? ఆ బొమ్మ నేను చెప్పి గీయించానా? అయినా మావాడు పైనుంటే ఎవరికంట నొప్పి?"

మూడు రంగుల కండువాలూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. చేతులు కుర్చీల వీపుల మీద పడ్డాయి. (కుర్చీ పట్టుకున్నవాడు కూర్చోవడానికి పట్టుకున్నాడో, విసరడానికి పట్టుకున్నాడో మొహం చూస్తే తెలుస్తుంది.) ఓనరన్న నా కాలర్ పట్టుకున్నాడు. "అన్నా, తిరగేసి కడదామా?" అని గొణిగాను. "ముగ్గురిని తలకిందులు వేలాడదీస్తవారా?" అని పళ్లు కొరికాడు. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ ఫంక్షన్ టీవీల వస్తదంట గదా? మా అత్తమ్మోళ్లందర్ని కూసోబెట్టిన!" "వస్తదక్కా," అని పెట్టేశాను. ఆ లెక్కన వచ్చేట్టే ఉంది. నా నౌకరీ అయిపోయింది, రేపు తెల్లారి నాయన ముందు, గొర్ల ముందు నిలబడాలి.

అప్పుడు గుమ్మంలో కర్ర చప్పుడయింది. వచ్చింది సర్పంచి తాత కూతురు, ఆ ముగ్గురికీ మేనత్త. ముగ్గురూ పోటీపడి ఆమె చెయ్యి పట్టుకోబోయారు. "నువ్వే చెప్పు అత్తమ్మా, మీ బాపును గిట్ల కింద పెడ్తరా?" అన్నాడు మిర్యాలగూడాయన.

ఆమె చెట్టును కిందినుంచి పైదాకా చూసింది. "వేరు కిందుండక మీదుంటదా? మా బాపు మంచిగనే కూసున్నడు."

నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

"అది గాదు గని, నేనేడున్న?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత ముగ్గురూ నన్ను చూశారు. ఆమె ఫొటో నాకెవరూ ఇవ్వలేదు. అలాంటి మనిషి ఒకరున్నారని కూడా చెప్పలేదు.

"బాపు తొలిసారి నిలవడ్డప్పుడు ఇల్లిల్లు తిరిగి బొట్టు పెట్టి ఓటడిగింది నేను. మీ నాయన లాగు జారిపోతుంటె ఒంటి చేత్తోని పట్టుకొని నా ఎంట తిరిగెటోడు. వాడు కొమ్మెక్కిండు, మీరు కొమ్మెక్కిన్రు. నేను ఈ చెట్టుకే లేనా?"

గొంతులో కోపం లేదు. అందుకే అందరికీ భయమేసింది. పట్టుకున్న కుర్చీలు ఒక్కొక్కటే నేలకు ఆనాయి. ఆమె అందులో ఒకదాన్ని తనే లాక్కుని, ఖాళీగా ఉన్న కాండం ముందు, తండ్రికీ తమ్ముడికీ మధ్య వేసుకొని కూర్చుంది. "ఇగ తియ్యుండ్రి ఫొటో," అంది. ఆ తర్వాత ఎత్తుల గురించి ఎవరూ నోరెత్తలేదు. మర్నాడు మూడు ఊళ్ల నుంచీ ఆ ఫొటోనే పెద్దది చేయమని ఆర్డర్లు వచ్చాయి. ఎవరికి వారు అత్తమ్మను ఉంచి, మిగతా ఇద్దరన్నదమ్ములను కత్తిరించమన్నారు. నా నౌకరీ అలా నిలబడింది.

ఇప్పుడు మిర్యాలగూడలో నాకు సొంత షాపుంది. ఎవరు వంశవృక్షం అడిగినా, "ఆడబిడ్డల ఫొటోలు తెచ్చిన్రా?" అని ముందే నిలదీసి, పై కథంతా చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గొప్ప కూడా పలుకుతుంది. అక్కకైతే ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పోయినేడు ఆత్మకూర్‌లో ఇల్లు కట్టుకొని, గృహప్రవేశానికి మా వంశానిది కూడా ఒక చెట్టు వేయించాను. కింద తాత, నాయన. కాండం నిండా నేను (షాపు నాది కదా). కొమ్మల మీద నా తమ్ముడు, మా పిల్లలు. మూలన నాయన మంద కాసిన కుక్కను కూడా మరచిపోలేదు. అక్క వేములపల్లి నుంచి సంచులతో దిగి, నేరుగా ఫ్లెక్సీ ముందుకెళ్లి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని నేను పక్కనే నిలబడ్డాను.

"మంచిగుంది తమ్మీ. కుక్క గూడ మంచిగొచ్చింది," అంది.

ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, సరిగ్గా కాండం ముందు వేసుకొని కూర్చుని, కొంగు సర్దుకుని నా వైపు చూసింది. "ఇగ తియ్ ఫొటో."

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లు చూసి, అందరూ ఉన్నారు గానీ నువ్వేడున్నవని నన్ను అడుగుతారు. ఉన్నాను, అక్క వెనక.